ఏఎస్/400లో రెండో స్టోరేజ్ పూల్ తొలగింపు: డిలీట్ నొక్కే రాత్రికి ముందే ముగించవలసిన పని

మీ ప్రశ్న సారాంశాన్ని ముందుగా చెప్పుకుంటాను, దారి తప్పకుండా ఉంటుంది. మీ సంస్థ హోల్‌సేల్ బిల్లింగు, గోదాము లెక్కలు, అకౌంట్లు అన్నీ ఒకే పవర్ సర్వర్ మీద, ఏఎస్/400కు వారసుడైన ఐబీఎం ఐ ఆపరేటింగ్ సిస్టమ్ 7.4లో నడుస్తున్నాయి. అందులో మూడు స్టోరేజ్ పూళ్లు, అంటే ఏఎస్‌పీలనే డిస్కుల గుంపులు, ఉన్నాయి: సిస్టమ్ పూల్ అయిన 1వ నంబరుది, ఎప్పుడో పాతవారు ఏర్పాటు చేసిన 2వ నంబరుది, విడిగా ఆన్, ఆఫ్ చేసుకోగలిగే ఇండిపెండెంట్ పూల్ అయిన 33వ నంబరుది. ఒకటో పూల్ 1,120 జీబీ, అందులో 58 శాతం నిండింది. రెండో పూల్ 560 జీబీ, 71 శాతం నిండింది. రెండింటినీ, అంటే 2నీ 33నీ, వచ్చే శనివారం రాత్రి తొలగించి ఆ డిస్కులను ఒకటో పూల్‌కు కలపాలనుకుంటున్నారు. శుక్రవారం రాత్రి బ్యాకప్ ఉంది కాబట్టి ఇబ్బంది ఉండదు కదా అని అడిగారు.

ఇబ్బంది ఉంటుంది. రెండో పూల్‌ను నిశ్చింతగా తొలగించవచ్చు, కానీ వచ్చే శనివారం మాత్రం వద్దు. 33 సంగతి వేరు, దాన్ని అసలు తొలగించాలా అన్నదే ముందు తేల్చుకోవాలి. నా అభిప్రాయంలో ఈ పనికి ఒక రాత్రి చాలదు, చాలా వారాలు పడుతుంది. చివరి రాత్రి చేసే తొలగింపుకు మాత్రం అరగంట కూడా అవసరం ఉండదు, ఎందుకంటే అప్పటికి ఆ పూల్ ఖాళీగా ఉండాలి. నిండుగా ఉన్న పూల్‌ను తీసివేసి తరువాత టేపు నుంచి తెచ్చుకుందాం అనే పద్ధతిలో, మీ డేటాకు మిగిలే ఏకైక ప్రతి ఆ టేపులోనిదే అవుతుంది. ఆ స్థితిలోకి తెలిసి తెలిసి వెళ్లవలసిన అవసరం మీ లెక్కల ప్రకారం లేదు. ఆ లెక్క కిందకు వస్తుంది.

లినక్స్, విండోస్ యంత్రాల మీద పనిచేసి ఇటువైపు వచ్చినవారు సాధారణంగా పొరబడే చోటు ఒకటుంది. అక్కడ డ్రైవు, ఫోల్డరు, ఫైలు అన్న వరస కంటికి కనిపిస్తుంది. 1978లో ప్రకటించిన సిస్టమ్/38 నుంచి 1988 నాటి ఏఎస్/400 మీదుగా నేటి ఐబీఎం ఐ వరకు కొనసాగుతున్న సింగిల్ లెవల్ స్టోరేజ్‌లో అలాంటి వరస ఉండదు. మెమరీ, డిస్కు కలిపి ఒకే చిరునామా విస్తీర్ణం. ఒక ఫైలు ఏ డిస్కులో ఉందని అడిగితే, ఆ పూల్‌లో ఉన్న డిస్కులన్నిటిలోనూ ముక్కలు ముక్కలుగా ఉంది అన్నదే సరైన జవాబు. అందుకే రక్షణ లేని పూల్‌లో ఒక్క డిస్కు పోతే ఆ డిస్కులోని డేటాతో సరిపోదు, ఆ పూల్ మొత్తం పోయినట్లే. యూజర్ పూళ్లు పుట్టిందీ ఈ కారణం చేతనే. ఫైళ్లలో జరిగే ప్రతి మార్పూ వరసగా నమోదయ్యే జర్నల్ రిసీవర్లను ప్రత్యేకమైన డిస్కుల మీద పెట్టుకుంటే, డేటాబేసు ఉన్న డిస్కు పోయినా రిసీవర్లు మిగిలి, నిన్నటి బ్యాకప్ మీద ఈ రోజు లావాదేవీలను మళ్లీ అద్దుకోవచ్చు. దానితో పాటు రిసీవర్ల రాతపని వేరే డిస్కుల మీద జరిగి వేగం కూడా కలిసివచ్చేది. మీ పాతవారు తెలివితక్కువ పని ఏమీ చేయలేదు. ఆ రోజుల్లో అదే సరైన పద్ధతి. ఇప్పుడు మీ డిస్కులన్నీ ఎస్ఎస్‌డీలు, పైగా ఒక డిస్కు పోయినా డేటా మిగిలే రెయిడ్ రక్షణలో ఉన్నాయి కాబట్టి రెండో పూల్‌కు ఉన్న అవసరం తీరిపోయిందని ఒప్పుకుంటున్నాను.

ఇక పని. మొట్టమొదట తెలియవలసింది రెండో పూల్‌లో ఏముందో. మీరు డిస్‌ప్లే లైబ్రరీ డిస్క్రిప్షన్‌లో చూసి నాలుగు లైబ్రరీలు, అంటే ఫైళ్లు, ప్రోగ్రాముల వంటి ఆబ్జెక్టులను ఉంచే చోట్లు, ఉన్నాయని రాశారు. అది సగం జాబితా మాత్రమే. బేసిక్ యూజర్ పూళ్లలో, అంటే 2 నుంచి 32 వరకు ఉండే వాటిలో, రెండు రకాల వాడకం ఉంటుంది. లైబ్రరీయే ఆ పూల్‌లో పుట్టడం ఒక రకం. లైబ్రరీ ఒకటో పూల్‌లోనే ఉండి, దానిలోని జర్నలు, రిసీవరు, సేవ్ ఫైలు వంటివి మాత్రం రెండో పూల్‌లో ఉండడం రెండో రకం, ఇది పాత పద్ధతి. లైబ్రరీల వివరాలు మాత్రమే చూస్తే ఈ రెండో రకం కంటపడదు. డిస్‌ప్లే ఆబ్జెక్ట్ డిస్క్రిప్షన్ కమాండును అన్ని లైబ్రరీల మీద, అన్ని రకాల ఆబ్జెక్టుల మీద నడిపి, ఫలితాన్ని అవుట్‌ఫైలులోకి తీసుకోండి. అందులో లైబ్రరీ ఉన్న పూల్ సంఖ్య, ఆబ్జెక్టు ఉన్న పూల్ సంఖ్య వేర్వేరుగా ఉంటాయి. ఎస్‌క్యూఎల్‌తో ఆబ్జెక్టు పూల్ 2గా ఉన్న వరసలన్నీ ఏరండి. లైబ్రరీ 1, ఆబ్జెక్టు 2 అని వచ్చిన ప్రతి వరసనూ ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకోండి. పూల్ పోయిన తరువాత లైబ్రరీలో పేరు కనిపిస్తూ, తెరవబోతే లోపల ఏమీ లేని ఆబ్జెక్టులుగా తేలేవి ఇవే.

ఆ జాబితాలోకి కూడా రానివి మరికొన్ని ఉంటాయి. లైబ్రరీలకు బదులు డైరెక్టరీలుగా కనిపించే ఐఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో డెవ్ డైరెక్టరీ కింద క్యూఏఎస్‌పీ02 అనే డైరెక్టరీ తెరిచి చూడండి. రెండో పూల్ మీద యూజర్ డిఫైన్డ్ ఫైల్ సిస్టమ్ ఏదైనా ఉంటే, యూడీఎఫ్ఎస్ అనే తోకతో అక్కడ కనిపిస్తుంది. అలాగే క్యూఎస్‌పీఎల్0002 అనే లైబ్రరీ ఉంటే కొన్ని అవుట్‌పుట్ క్యూల స్పూల్ ఫైళ్లు (ప్రింటుకు సిద్ధంగా ఉన్న ఫైళ్లు) ఆ పూల్‌లో చేరుతున్నట్లు అర్థం. క్యూడీఓసీ0002 ఉంటే పాత ఫోల్డర్లు, డాక్యుమెంట్లు ఉన్నట్లు. చాలా ఏళ్ల కింద ఒక పంపిణీ సంస్థలో నేను లైబ్రరీల జాబితాను మూడుసార్లు సరిచూసి, అంతా బయటికి వచ్చేసిందని రాసిచ్చాను. అయినా వర్క్ విత్ డిస్క్ స్టేటస్ తెరలో ఆ పూల్ డిస్కులు పద్నాలుగు శాతం నిండి ఉన్నట్లే చూపిస్తున్నాయి. పద్నాలుగు శాతం ఏమిటని అడిగితే, సిస్టమ్ సొంతానికి వాడుకుంటుందేమో అన్నారు పక్కన ఉన్నవారు. నాకు మనసొప్పక వెతికితే, ఒక యూడీఎఫ్ఎస్‌లో ఆరేళ్ల డెలివరీ చలానాల స్కాన్లు బయటపడ్డాయి, లారీ డ్రైవర్ల సంతకాలతో సహా. ఆ స్కాన్లను పెట్టిన ప్రోగ్రామరు సంస్థ విడిచి వెళ్లిపోయాడు, వాటిని వాడే గుమస్తాకు అవి ఎక్కడున్నాయో తెలియవలసిన అవసరం లేదు. శాతం సున్నాకు దగ్గరగా దిగిరాకపోతే పూల్‌లో ఇంకా ఎవరిదో సొత్తు ఉందని నమ్మడం నాకు అప్పటి నుంచి అలవాటైంది.

ఇప్పుడు లెక్క. మీ ఒకటో పూల్‌లో నిండింది దాదాపు 650 జీబీ, రెండో పూల్‌లో ఉన్నది దాదాపు 398 జీబీ. మొత్తం ఇటు తెస్తే 1,048 జీబీ, అంటే ఒకటో పూల్ 93 శాతం దాటుతుంది. స్టోరేజ్ థ్రెషోల్డ్ మామూలుగా 90 శాతం దగ్గర ఉంటుంది, సిస్టమ్ పూల్‌ను ఆ గీత దాటించి నడపడం ప్రమాదం. పూర్తిగా నిండితే యంత్రమే ఆగుతుంది. డిస్కులు కలపాలంటే పూల్ తీయాలి, పూల్ తీయాలంటే డిస్కులు కలపాలి, ముందు నుయ్యి వెనుక గొయ్యి అన్నట్లు మీకు అనిపించింది ఇందుకే. టేపు మీద భారం వేద్దామన్న ఆలోచన కూడా అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. అయితే ఆ 398 జీబీలో రిసీవర్లే 240 జీబీ అని మీరే రాశారు. వాటిలో సింహభాగం ఎప్పుడో సేవ్ అయిపోయి, ఎవరికీ అక్కరలేక పడివున్నవే అయితే, అవి పోగా తరలించవలసింది 158 జీబీ మాత్రమే. 650కి 158 కలిపితే 808, అంటే 72 శాతం. ముందు నుయ్యీ లేదు, వెనుక గొయ్యీ లేదు.

రిసీవర్లను చెరిపేటప్పుడు మాత్రం చేయి ఆగాలి. వర్క్ విత్ జర్నల్ అట్రిబ్యూట్స్‌లోకి వెళ్లి రిసీవర్ డైరెక్టరీ చూస్తే ప్రతి రిసీవరు పక్కన దాని స్థితి కనిపిస్తుంది: అటాచ్డ్, ఆన్‌లైన్, సేవ్డ్ అని. సేవ్డ్ అని ఉన్నదాన్నే తీయండి. ఒక్కసారి కూడా పూర్తిగా సేవ్ కాని రిసీవరును చెరపబోతే సిస్టమ్ ఒక ప్రశ్న అడుగుతుంది, ఇగ్నోర్‌కు ఐ, క్యాన్సిల్‌కు సి అని. అలసిపోయిన మనిషి వేలు ఐ మీదకే పోతుంది. కొన్నిచోట్ల సిస్టమ్ రిప్లై లిస్టులో ఆ ప్రశ్నకు ఐ అని ముందే రాసిపెట్టి ఉంటుంది, అప్పుడు ప్రశ్న అడిగినట్లే తెలియదు. మీ రిప్లై లిస్టును తెరిచి చూసుకోండి. రెండో యంత్రానికి రెప్లికేషన్ నడుస్తుంటే, అది చదివి ముగించని రిసీవరును సేవ్ అయిందన్న ధీమాతో తీసినా అటువైపు నకలు తెగుతుంది.

కొత్త రిసీవర్లు రెండో పూల్‌లో పుట్టకుండా ఆపడం తరువాతి పని. చేంజ్ జర్నల్‌లో జెనరేట్ అని ఇస్తే, తరువాతి రిసీవరు ఇప్పటిదాని లక్షణాలనే పుణికిపుచ్చుకుంటుంది, అదే లైబ్రరీలో. కాబట్టి ఒక్కసారి మీ చేత్తో ఒకటో పూల్‌లో ఉన్న లైబ్రరీలో కొత్త రిసీవరును సృష్టించి, దాని పేరు చెప్పి జర్నలుకు తగిలించండి. అక్కడి నుంచి వరస దానంతట అదే ఇటువైపు సాగుతుంది. ఇది పగటిపూట, బిల్లింగు నడుస్తుండగానే చేయవచ్చు. వాడేవారికి తెలియను కూడా తెలియదు.

లైబ్రరీల తరలింపు అంత సులువు కాదు. మూవ్ ఆబ్జెక్ట్‌తో లైబ్రరీని ఒక పూల్ నుంచి మరో పూల్‌కు జరపడం కుదరదు. సేవ్ చేసి, చెరిపి, ఒకటో పూల్‌లోకి రిస్టోర్ చేయడమే దారి. నేను చేతులు కాల్చుకున్నది ఇక్కడే కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. రిస్టోర్ లైబ్రరీ కమాండులో ఏ పూల్‌లోకి అని అడిగే పారామీటరు ఒకటుంది, ఎఫ్10 నొక్కితే గాని కనిపించదు. దాన్ని ముట్టుకోకుండా వదిలేస్తే సేవ్ఏఎస్‌పీ అనే విలువ తీసుకుంటుంది, అంటే ఎక్కడి నుంచి సేవ్ అయిందో అక్కడికే. నా మొదటి తరలింపులో అరవై జీబీల లైబ్రరీని టేపుకు ఎక్కించి, చెరిపి, తిరిగి దింపి, తెల్లవారుజామున నాలుగింటికి చూసుకుంటే అది శుభ్రంగా రెండో పూల్‌లోనే కూర్చుని ఉంది. టేపు తిరిగినంత సేపు తిరిగింది, ఎర్రర్ ఒక్కటీ రాలేదు, లైబ్రరీ మాత్రం అంగుళం కదలలేదు. ఆ పారామీటరులో 1 అని వేయడం మరిచిపోకండి. కమాండును చేత్తో కొట్టకుండా చిన్న సీఎల్ (కమాండుల భాష) ప్రోగ్రాములో రాసి, పగటివేళ పక్కనున్న మనిషి చేత చదివించుకోవడం ఇంకా మంచిది.

చెరిపి రిస్టోర్ చేసినప్పుడు పోయేది మరొకటి ఉంది, ప్రైవేట్ అథారిటీలు. ఫలానా ఫైలును ఫలానా యూజరు చూడవచ్చు, మార్చకూడదు అని విడివిడిగా ఇచ్చిన అనుమతులు యూజర్ ప్రొఫైల్ వైపు నమోదై ఉంటాయి. ఆబ్జెక్టును చెరిపిన మరుక్షణం అవి చెరిగిపోతాయి, మామూలు రిస్టోర్‌లో తిరిగి రావు. సోమవారం పొద్దున ఫైలు ఉంటుంది, తెరవడానికి అనుమతి ఉండదు, మీ ఫోను మోగుతూ ఉంటుంది. సేవ్‌లోనూ రిస్టోర్‌లోనూ ప్రైవేట్ అథారిటీస్ అన్న పారామీటరుకు యెస్ అని ఇవ్వండి. అథరైజేషన్ లిస్టుల ద్వారా అనుమతులిచ్చిన ఆబ్జెక్టులకు ఈ బాధ లేదు. అయినా తరలింపుకు ముందూ తరువాతా ముఖ్యమైన ఫైళ్ల అనుమతులను ప్రింటు తీసి పోల్చుకోవడం నాకు అలవాటు.

వరసక్రమం కూడా ముఖ్యమే. ఒక లైబ్రరీలోని ఫిజికల్ ఫైలు (అసలు డేటా ఉండేది) మీద ఆధారపడిన లాజికల్ ఫైలు (ఆ డేటాను వేరే వరసలో చూపేది) వేరే లైబ్రరీలో ఉండవచ్చు, అలాంటప్పుడు ఫిజికల్ ఫైలును చెరపనివ్వదు. డిస్‌ప్లే డేటాబేస్ రిలేషన్స్ ఈ చుట్టరికాలన్నిటినీ బయటపెడుతుంది. చుట్టరికం ఉన్న లైబ్రరీలను ఒకే గుంపుగా, ఒకే విడతలో తరలించండి. రిస్టోర్‌లో జర్నలు ముందు, ఫిజికల్ ఫైళ్లు ఆ తరువాత, లాజికల్ ఫైళ్లు వాటి వెనుక, రిసీవర్లు ఆఖరున రావాలి. ఒకే లైబ్రరీలో ఉంటే సిస్టమ్ చూసుకుంటుంది, వేర్వేరు లైబ్రరీల్లో ఉంటే మీరే చూసుకోవాలి. జర్నలు రిస్టోర్ అయితే కొత్త రిసీవర్ వరస మొదలవుతుంది కాబట్టి, ఆ గుంపు రాగానే మళ్లీ ఒక పూర్తి సేవ్ తీసుకోకపోతే పాత టేపుకూ కొత్త రిసీవర్లకూ మధ్య లంకె ఉండదు. మీ నాలుగు లైబ్రరీలను చిన్నదాని నుంచి మొదలుపెట్టి వారానికొకటి చొప్పున, ఆదివారాలు చేయమని నా సలహా. నెలలో 20వ తేదీకి ముందు వచ్చే ఆదివారాన్ని వదిలేయండి, జీఎస్‌టీఆర్-3బీ గడువు దగ్గర ఉన్నప్పుడు అకౌంట్ల లైబ్రరీని కదిపితే మీ అకౌంటెంటుగారు మిమ్మల్ని క్షమించరు.

బ్యాకప్ విషయానికి వస్తే, శుక్రవారం బ్యాకప్ అని మీరు చెప్పినది ఏ బ్యాకప్ అన్నదే నా ప్రశ్న. రోజువారీ మారిన ఆబ్జెక్టుల సేవ్ అయితే ఈ పనికి అది లెక్కలోకి రాదు. సేవ్ మెనూలో 21వ ఆప్షన్‌తో, యంత్రాన్ని మిగతా పనులన్నీ ఆపిన రిస్ట్రిక్టెడ్ స్టేట్‌లోకి తెచ్చి తీసిన పూర్తి సిస్టమ్ సేవ్ ఒకటి తరలింపులు మొదలయ్యే ముందు, ఇంకొకటి పూల్ తొలగించే ముందు ఉండాలి. ఆ ఆప్షన్ అడిగే ప్రశ్నల్లో ఫైల్ సిస్టమ్‌లను అన్‌మౌంట్ చేయాలా అన్నదానికి యెస్ అనండి, లేకపోతే యూడీఎఫ్ఎస్‌లోని ఫైళ్లు సేవ్ అయినా ఆ ఫైల్ సిస్టమ్ లక్షణాలు సేవ్ కావు. స్పూల్ ఫైళ్లు కావాలంటే అదీ అక్కడే చెప్పాలి, చెప్పకపోతే తీసుకోదు. అయిపోయాక జాబ్ లాగ్ తెరిచి, ఇన్ని సేవ్ అయ్యాయి, ఇన్ని కాలేదు అన్న సందేశాలు ఒక్కొక్కటీ చదవండి. కాలేదు అన్నచోట సున్నా కాక వేరే అంకె ఉంటే ఆ ఆబ్జెక్టు పేరు తెలిసేవరకు ముందుకు కదలవద్దు. ఆ టేపు నుంచి ఒక లైబ్రరీని వేరే పేరుతో రిస్టోర్ చేసి, ఫైలు తెరిచి, చివరి రోజు బిల్లు నంబరు సరిపోయిందో లేదో చూడండి. రిస్టోర్ చేసి చూడని టేపును నేను బ్యాకప్ కింద లెక్కగట్టను.

అన్నీ బయటికి వచ్చాక తొందరపడి ఆ వారమే పూల్ తీయవద్దు. ఖాళీ పూల్‌ను ఒక నెల ముగింపు దాటేవరకు అలాగే ఉంచండి. రోజూ పొద్దున డిస్క్ స్టేటస్ తెరలో దాని శాతం చూడండి. అకస్మాత్తుగా పెరిగితే ఏదో ప్రోగ్రాము ఇంకా అక్కడ రాస్తోందని తెలుస్తుంది. ఏదో నెలాఖరు పని దాక్కుని ఉంటే అప్పుడే బయటపడుతుంది. ఇందువల్ల నష్టమేమీ లేదు, ఖాళీగా ఉన్న డిస్కులు మీకేమీ అద్దె అడగవు.

ఇక ఆ రాత్రి. బేసిక్ పూల్ తొలగింపును మామూలు సెషన్‌లో చేయనివ్వరు, యంత్రాన్ని మాన్యువల్ మోడ్‌లో ఐపీఎల్ (రీస్టార్ట్) చేసి డెడికేటెడ్ సర్వీస్ టూల్స్‌లోకి, అందరూ డీఎస్‌టీ అనేదానిలోకి, వెళ్లాలి. అక్కడికి కావలసిన యూజర్, పాస్‌వర్డ్ వేరు. పేరు క్యూసెక్‌ఓఎఫ్ఆర్ అనే ఉంటుంది, కానీ మీరు రోజూ వాడే క్యూసెక్‌ఓఎఫ్ఆర్‌కూ దానికీ సంబంధం లేదు. చాలా సంస్థల్లో ఆ పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు, అర్ధరాత్రి ఊహించి కొట్టి డిసేబుల్ చేసుకుంటారు. ఈ వారమే పగటిపూట స్టార్ట్ సిస్టమ్ సర్వీస్ టూల్స్ కమాండుతో లోపలికి వెళ్లగలుగుతున్నారో లేదో చూసుకోండి. వెళ్లలేకపోతే ఆపరేటింగ్ సిస్టమ్ క్యూసెక్‌ఓఎఫ్ఆర్‌గా సైన్ ఆన్ అయి చేంజ్ డీఎస్‌టీ పాస్‌వర్డ్ కమాండుతో దాన్ని రీసెట్ చేయవచ్చు. లోపలికి వెళ్లినప్పుడే మూడో ఆప్షన్ అయిన వర్క్ విత్ డిస్క్ యూనిట్స్‌లో డిస్క్ కాన్ఫిగరేషన్‌ను ప్రింటు తీసి పెట్టుకోండి. ఏ యూనిట్ నంబరు ఏ పూల్‌లో ఉంది, దాని సీరియల్ నంబరు ఏమిటి, డీడీ001 వంటి రిసోర్స్ పేరు ఏది అన్నవి కాగితం మీద ఉండాలి. తెర మీద పూల్ సంఖ్యలు ఒకదాని కింద ఒకటి, ఒకే రంగులో, ఒకే పరిమాణంలో ఉంటాయి. రెండు బదులు ఇంకొకటి ఎంచుకోకుండా కాపాడేది ఆ కాగితమే, ఆ కాగితం చూసి పైకి చదివే మరొక మనిషే. నిర్ధారణ తెర వచ్చినప్పుడు సీరియల్ నంబర్లను గట్టిగా చదివించి, సరిపోయాకే ముందుకు వెళ్లండి. తొలగింపు జరిగాక ఆ డిస్కులు నాన్‌కాన్ఫిగర్డ్ జాబితాలోకి వస్తాయి, అక్కడి నుంచి వెనక్కి తెచ్చుకునే దారి లేదు.

ఆ డిస్కులను ఒకటో పూల్‌కు కలిపేటప్పుడు రెయిడ్ రక్షణ మొదలైన తరువాతే కలపండి. రక్షణ లేని ఒక్క డిస్కు సిస్టమ్ పూల్‌లో చేరితే, మొదటి పేరాల్లో చెప్పిన కారణం చేత, మొత్తం సిస్టమ్ పూల్ దాని ఆయుష్షు మీద ఆధారపడుతుంది. మిర్రరింగ్ (ప్రతి డిస్కుకూ మరో డిస్కు మీద నకలు) ఉంటే జతలుగా కలపాలి. కలిపాక కొత్త డిస్కులు ఖాళీగా, పాతవి నిండుగా ఉంటాయి కాబట్టి కొత్త రాతలన్నీ కొత్తవాటి మీదే పడతాయి. స్టార్ట్ ఏఎస్‌పీ బ్యాలెన్స్ కమాండును కెపాసిటీ రకంతో, పని ఒత్తిడి లేని గంటల్లో నడిపితే సర్దుకుంటుంది. ఏదైనా డిస్కును భౌతికంగా పీకి అమ్మేయదలిస్తే, అది పారిటీ సెట్ అనే రెయిడ్ గుంపులో సభ్యురాలు కాదని ముందు నిర్ధారించుకోండి. నాన్‌కాన్ఫిగర్డ్ అయినంత మాత్రాన దాని మీది డేటా చెరిగిపోదు, మీ ఖాతాదారుల పేర్లు బాకీలతో సహా అందులోనే ఉంటాయి.

33 గురించి. 33 నుంచి 255 వరకు ఉండే ఇండిపెండెంట్ పూళ్లను ఎవరూ సరదాకు పెట్టరు. రెండో యంత్రానికి మార్చుకోవడానికో, నకలు తీసుకోవడానికో పెడతారు. మీది ఖాళీగా కనిపిస్తోందంటే అది వేరీ ఆఫ్‌లో, అంటే వాడకానికి అందకుండా ఆపి ఉంచిన స్థితిలో, ఉండి, లోపలిది మీకు కనిపించకపోవడం కావచ్చు. వేరీ ఆన్ చేసి లోపల చూడనిదే ఖాళీ అని రాయకండి. వేరీ ఆన్‌లో లేని ఇండిపెండెంట్ పూల్‌ను ఏ సేవ్ కమాండూ సేవ్ చేయలేదన్నది కూడా గుర్తుంచుకోండి, అంటే ఇన్నేళ్ల మీ టేపుల్లో అందులోనిది లేకపోవచ్చు. అక్కరలేదని తేలితే దీని తొలగింపు సులువే, యంత్రం నడుస్తుండగానే వేరీ ఆఫ్ చేసి తీయవచ్చు. క్లస్టర్ (కలిసి పనిచేసే యంత్రాల గుంపు)లో భాగమైతే ముందు అక్కడి నుంచి తప్పించాలి. తీశాక దాని డివైస్ డిస్క్రిప్షన్‌ను విడిగా చెరపాలి, రిలేషనల్ డేటాబేస్ డైరెక్టరీలో దాని పేరు మిగిలిందేమో చూడాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఏదైనా జాబ్ డిస్క్రిప్షన్‌లో ఇనీషియల్ ఏఎస్‌పీ గ్రూప్‌గా దాని పేరు ఉంటే ఆ జాబు మొదలే కాదు. అలాంటివాటిని తొలగింపుకు ముందే మార్చండి.

చివరగా మీ ప్రోగ్రాముల సంగతి. సోర్స్ ఫైళ్లన్నిటిలో ఫైండ్ స్ట్రింగ్ యూజింగ్ పీడీఎం అనే, పదాలు వెతికే కమాండు నడిపి, ఏఎస్‌పీ అన్న పారామీటరుకు 2 అని రాసి ఉన్న ప్రతి చోటునూ పట్టుకోండి. క్రియేట్ లైబ్రరీలో, క్రియేట్ జర్నల్ రిసీవర్‌లో, రిస్టోర్ కమాండుల్లో దొరుకుతాయి. డిజాస్టర్ రికవరీ కోసం ఫైలులో పెట్టిన కాగితాల్లో కూడా వెతకండి, అక్కడ పీడీఎం పనిచేయదు. నేను చూసిన ఒక యంత్రంలో సెప్టెంబరులో పూల్ తీశారు, నెలాఖరులన్నీ సాఫీగా గడిచాయి, అందరూ మరిచిపోయారు. ఏప్రిల్ 1 పొద్దున కొత్త ఆర్థిక సంవత్సరం లైబ్రరీని సృష్టించే ప్రోగ్రాము, ఏడాదికి ఒక్కసారి మాత్రమే నడిచేది, రెండో పూల్ కోసం వెతికి ఆగిపోయింది. సోర్స్ దొరకలేదు, కంపైల్ అయిన ప్రోగ్రాము మాత్రమే ఉంది. ఆ రోజు మధ్యాహ్నం రెండు దాకా గుమస్తాలు చేతి బిల్లులు రాశారు. మీ దగ్గర కూడా ఇయర్ ఎండ్ అనే పేరుతో ఒక మెనూ ఆప్షన్ ఉండే ఉంటుంది. దాని వెనుక ఏ ప్రోగ్రాములు ఉన్నాయో, వాటికి సోర్స్ ఉందో లేదో చూసి, డిస్‌ప్లే ఆబ్జెక్ట్ డిస్క్రిప్షన్ అవుట్‌ఫైలులో ఆబ్జెక్టు పూల్ 2గా వచ్చిన వరసల సంఖ్యతో పాటు ఇక్కడ రాయండి. మొదటి ఆదివారం ఏ లైబ్రరీతో మొదలుపెట్టాలో అది చూశాక చెబుతాను.